గోడకు తగిలిన శబ్దం ఎటు పోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్లలో, చిన్న రికార్డింగ్ గదుల్లో సౌండ్ సరిచేయడం నా పని. నాకొచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా మొదలవుతాయి: "సౌండ్‌ప్రూఫ్ చేయించాలండీ, ఎంతవుతుంది?" ఆ ఒక్క మాట వెనక రెండు వేరు వేరు బాధలుంటాయి. కొందరికి తమ గదిలో మాట గింగురుమంటుంది. ఇంకొందరికి పక్కింటి చప్పుడు లోపలికొస్తుంది. మొదటి దానికి పనికొచ్చే సామాను రెండో దానికి అస్సలు పనికిరాదు. ఇది తెలియక జనం వేలకు వేలు పోస్తున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ ఓపిగ్గా జవాబులు రాస్తున్నాను.

శబ్దం ఒక వస్తువుకి తగలగానే ఏం జరుగుతుంది?

శబ్దమంటే గాలి ముందుకీ వెనక్కీ ఊగడం. ఆ ఊపు 20 డిగ్రీల వేడిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పరిగెడుతుంది. గోడో, పరదానో, గాజో అడ్డొస్తే అందులోని శక్తి మూడు వాటాలవుతుంది. ఒక వాటా వెనక్కి తిరిగొస్తుంది, దాన్ని పరావర్తనం అంటాం. ఒక వాటా ఆ వస్తువులోనే రాపిడికి లోనై వేడిగా మారిపోతుంది, ఎండిన నేలలో నీళ్లు ఇంకినట్టు, ఇది శోషణ. మిగిలింది అవతలికి దాటుతుంది.

ఏ వాటా ఎంత అనేది వస్తువును బట్టి మారుతుంది. గ్రానైట్, పాలరాయి, గ్లేజ్డ్ టైల్స్ తగిలిన దాంట్లో నూటికి 98, 99 వంతులు తిప్పి పంపేస్తాయి. దళసరి పరదా మడతలు మడతలుగా వేలాడుతుంటే మాట స్థాయి శబ్దంలో సగం దాకా తిరిగి రానివ్వదు, కానీ అవతలికి పోయేదాన్ని ఆపే శక్తి దానికి లేదు. తెరిచిన కిటికీ సంగతి ఇంకా బాగుంటుంది. దాని మీద పడ్డది ఏదీ వెనక్కి రాదు కాబట్టి గదిలో ఉన్నవాడి లెక్కలో అది నూటికి నూరు ఇంకించుకున్నట్టే, పక్కింటివాడి లెక్కలో అది అసలు గోడే కాదు. ఇంకించుకోవడం వేరు, ఆపడం వేరు అని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

కొత్త ఫ్లాట్‌లోకి వచ్చాం. బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది. సామాను సర్దాక తగ్గుతుందా?

చాలావరకు తగ్గుతుంది. లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క అర్థమైతే మీరు ఏ సేల్స్‌మేన్ మాటా గుడ్డిగా నమ్మనక్కర్లేదు.

1895లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం కొత్త లెక్చర్ హాల్లో పాఠం ఒక్క ముక్క అర్థం కావట్లేదని గొడవైంది. దాన్ని బాగుచేసే పని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ ఉపాధ్యాయుడి మీద పడింది. ఆయన ఊరంతా సద్దుమణిగాక, రాత్రిళ్లు, పక్కనే ఉన్న సాండర్స్ థియేటర్ సీట్ల దిండ్లు మోయించుకొచ్చి హాల్లో పరిచేవాడు. ఒక ఆర్గన్ గొట్టం ఊది ఆపి, ఆ శబ్దం చెవికి అందకుండా పోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారంతో కొలిచేవాడు. ఖాళీ హాల్లో అయిదున్నర సెకన్లు పట్టేది! దిండ్లు పెంచుతున్నకొద్దీ ఆ సమయం ఒక పద్ధతి ప్రకారం తగ్గింది. ఆ పద్ధతే ఇవాళ్టికీ మేం వాడే సూత్రం: గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే శబ్దం ఆరిపోవడానికి పట్టే సెకన్లు వస్తాయి. శోషణను కొలవడానికి ఆయన పెట్టుకున్న కొలబద్ద కూడా తెరిచిన కిటికీయే: ఒక చదరపు మీటరు శోషణ అంటే ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీతో సమానం.

ఇప్పుడు మీ హాలు సంగతి. 12 అడుగులు, 15 అడుగులు, ఎత్తు 10 అడుగులు అనుకుందాం. ఘనపరిమాణం దాదాపు 51 ఘనపు మీటర్లు, గోడలు, నేల, సీలింగ్ అన్నీ కలిపి 83 చదరపు మీటర్ల పైచిలుకు. టైల్స్, పుట్టీ పెట్టిన సిమెంటు గోడలు నూటికి మూడు వంతులు ఇంకించుకుంటాయనుకుంటే మొత్తం శోషణ దాదాపు రెండున్నర చదరపు మీటర్లే. సూత్రంలో వేస్తే మూడు సెకన్లు పైనే వస్తుంది. మీరన్న బావి అదే. ఒక మంచి గుడ్డ సోఫా, కిటికీలకు దళసరి పరదాలు, నేల మీద ఒక కార్పెట్, బట్టలో పుస్తకాలో ఉన్న తెరిచిన అరలు వచ్చాయంటే శోషణ ఎనిమిది తొమ్మిది చదరపు మీటర్లకు చేరుతుంది, సమయం ఒక సెకను దగ్గరకు దిగుతుంది. ఒక్క పైసా "అకౌస్టిక్" అన్న పేరు మీద ఖర్చు పెట్టకుండానే.

ప్రతిధ్వని, ప్రతినాదం ఒకటేనా?

కాదు. ప్రతిధ్వని అంటే మీ కేక మీకు విడిగా, రెండోసారి వినపడటం. దానికి తిరిగొచ్చే శబ్దం సెకనులో పదో వంతైనా ఆలస్యంగా రావాలి, అంటే గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. ఇంట్లో గోడలు దగ్గర కాబట్టి వందల పరావర్తనాలు ఒకదాని మీద ఒకటి పడి తోకలా సాగుతాయి. అది ప్రతినాదం. ఇళ్లలో జనం "ఎకో వస్తోంది" అనేది దాదాపు ఎప్పుడూ దీన్నే.

గోడలకు కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే పనిచేస్తుందంటారు?

చేయదు. అట్ట ట్రే పల్చగా, తేలిగ్గా ఉంటుంది. తేలికైనది శబ్దాన్ని ఆపలేదు, పల్చనిది లోతుగా ఇంకించుకోలేదు. సన్నటి, చురుకైన శబ్దాలను మాత్రం కాస్త చెదరగొడుతుంది, అందుకే పెట్టగానే గది ఏదో మారినట్టు అనిపిస్తుంది. పైగా దుమ్ము పడుతుంది, బొద్దింకలు చేరతాయి, నిప్పు అంటుకుంటే భగ్గుమంటుంది. దయచేసి వద్దు.

థర్మాకోల్ కూడా అంతే. వేడిని ఆపుతుంది కదా, శబ్దాన్నీ ఆపుతుందని అనుకుంటారు. దానిలో గాలి గదులన్నీ మూసుకుని ఉంటాయి కాబట్టి శబ్దం లోపలికి దూరి రాపిడి పడే దారి ఉండదు, బరువా అసలే లేదు.

మరి ఫోమ్ షీట్లు?

మీ గదిలో గింగురు తగ్గించడానికైతే పనికొస్తాయి. పక్కింటి టీవీ వినపడకుండా ఉండటానికైతే పనికిరావు. ఈ పాఠం నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. ఈ పనిలోకి రాకముందు, అద్దె గదిలో ఉన్నప్పుడు, అటు గోడ మొత్తం నల్లటి ఫోమ్ పిరమిడ్లు అంటించాను, అమ్మినాయన "పిన్ డ్రాప్ సైలెన్స్" అని హామీ ఇచ్చాడు. రాత్రి లైటు తీసి పడుకుంటే పక్కింటి సీరియల్ ఇంకా స్పష్టంగా వినపడింది, ఎందుకంటే నా గదిలో చప్పుడు తగ్గి వాళ్ల చప్పుడుకి పోటీ లేకుండా పోయింది. ఖాళీ చేసేటప్పుడు ఆ జిగురు గోడ పెయింటుతో సహా ఊడొచ్చింది, అడ్వాన్సులో కోత పడింది.

ఫోమ్ కొంటే మందం చూడండి. అంగుళం మందం ఫోమ్ సన్నటి శబ్దాలను మాత్రమే పట్టుకుంటుంది. 1000 హెర్ట్జ్ శబ్దం (అంటే గాలి సెకనుకు వెయ్యిసార్లు ఊగేది) తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల పొడుగు, 34 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌ది దాదాపు మూడున్నర మీటర్లు. మూడున్నర మీటర్ల అలకి అంగుళం ఫోమ్ ఏమాత్రం అడ్డు? రెండంగుళాల రాక్‌వూల్ (రాతి నార) పలకకి గుడ్డ తొడిగి, గోడకీ దానికీ మధ్య మరో రెండంగుళాలు ఖాళీ వదిలి బిగిస్తే అంతకంటే ఎంతో మేలు. రాక్‌వూల్‌కి నిప్పు అంటుకోదు, అది నాకు అన్నిటికంటే ముఖ్యం.

పక్కింటి మాటలు వినపడకూడదంటే మరి ఏం చేయాలి?

మూడు పనులు, ఈ వరసలోనే: కంతలు మూయడం, బరువు పెంచడం, రెండు పొరలను ఒకదాన్నొకటి తాకకుండా విడదీయడం.

కంతల గురించి ఎవరికీ పట్టదు గానీ అసలు కథంతా అక్కడే ఉంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్, ఇది సుమారు 50 డెసిబెల్ (శబ్దం మోతను కొలిచే లెక్క) ఆపుతుంది. ఆ గోడలో మామూలు ఫ్లష్ డోర్ ఉంది, అది ఆపేది 20 డెసిబెల్ అనుకుందాం, గోడలో అయిదో వంతు జాగా తీసుకుంది. రెండూ కలిపితే సగటు 35 వస్తుందనుకుంటారు అందరూ. లెక్క వేస్తే 27 మాత్రమే వస్తుంది. డబ్బాకి చిల్లి పడితే డబ్బా ఎంత మందమైతే ఏం లాభం? తలుపు కింద ఒక్క సెంటీమీటరు సందు చాలు, పది చదరపు మీటర్ల గోడ ఎంత గట్టిదైనా ముప్పై డెసిబెల్ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ముందు తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్, కింద డోర్ సీల్, ఏసీ పైపు దూరిన రంధ్రం చుట్టూ సీలెంట్, రెండు ఫ్లాట్లకూ వీపులు ఆనుకుని ఉండే స్విచ్ బోర్డు పెట్టెలు, ఇవన్నీ చూసుకోండి. రాత్రి లైట్లన్నీ ఆపి, అవతలి గదిలో టార్చ్ వెలిగించి తలుపు సందుల్లో చూడండి. వెలుతురు దూరిన చోటల్లా శబ్దం దూరుతుంది.

తర్వాత బరువు. గోడ బరువు రెట్టింపు చేస్తే దాదాపు 5, 6 డెసిబెల్ అదనంగా ఆగుతుంది. చెవికి "సగమైంది" అనిపించాలంటే 10 డెసిబెల్ తగ్గాలి. అంటే గోడను లావు చేసుకుంటూ పోతే డబ్బూ జాగా రెండూ అయిపోతాయి. అందుకే మూడో పని: గోడకు తగలకుండా విడిగా ఒక ఫ్రేము, దాని మీద రెండు పొరల జిప్సం బోర్డు, మధ్య ఖాళీలో రాక్‌వూల్. గోడ ఊగినా ఆ ఊపు కొత్త పొరకు నేరుగా అందదు. ఇక్కడ వడ్రంగి ఒక్క పొడుగు స్క్రూ ఫ్రేములోంచి పాత గోడకు దించాడంటే శబ్దానికి వంతెన కట్టినట్టే. పని జరిగేటప్పుడు పక్కన నిలబడండి.

పైఇంటివాళ్లు కుర్చీలు జరుపుతారు, రోట్లో దంచుతారు. మా సీలింగ్‌కి ఏమైనా చేయించొచ్చా?

చేయించొచ్చు గానీ ఫలితం తక్కువ, ఖర్చు ఎక్కువ. మాట గాల్లోంచి వచ్చి గోడకు తగిలేసరికే బలహీనపడుతుంది. రోకలి దెబ్బ అలా కాదు, నేరుగా కాంక్రీటుకే తగులుతుంది, శ్లాబు, బీములు, గోడలు అన్నీ కలిసి మోగుతాయి. మీరు సీలింగ్ మూసినా గోడల్లోంచి దిగి వస్తుంది. మందు అక్కడే, పైఇంట్లోనే వేయాలి. కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ముక్కలు, రోలు కింద నాలుగు మడతల పాత గోనెసంచి లేదా దళసరి రబ్బరు మ్యాట్, మిక్సీ కింద రబ్బరు. వాటి ఖర్చు మీరే పెట్టుకుని, ఒక స్వీటు డబ్బా పట్టుకుని పైకి వెళ్లి "వదినగారూ, పిల్లలకి పరీక్షలు, ఇది కాస్త కింద వేసుకోండి" అని అడగండి. నేను చెప్పిన సలహాల్లో ఎక్కువ మందికి పనికొచ్చింది ఇదే.

డీజే పాట మాటలు వినపడవు, ఆ దబ్ దబ్ మాత్రం వస్తుంది. ఎందుకు?

మీ గోడలు సన్నటి శబ్దాన్ని బాగా ఆపుతున్నాయి, లావు శబ్దాన్ని ఆపలేకపోతున్నాయి. ఒకే గోడ 100 హెర్ట్జ్ దగ్గర కంటే 1000 హెర్ట్జ్ దగ్గర ఎంతో ఎక్కువ ఆపుతుంది. పైగా పొడుగు అలలు అడ్డొచ్చిన వాటిని చుట్టుకుని వంగి వచ్చేస్తాయి, వివర్తనం అంటే ఇదే. కాంపౌండ్ గోడ వెనక దాక్కున్నా బేస్ మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. కిటికీ తలుపులు గడగడలాడేది కూడా దానికే. ఇంటి లోపల చేయగలిగింది తక్కువ. బయట చేయగలిగింది చట్టంలో ఉంది: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్ దాటకూడదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

రోడ్డు వైపు కిటికీకి డబుల్ గాజు వేయిస్తే?

ఫ్రేము గట్టిగా మూసుకుంటేనే. పాత జరిగే కిటికీ పట్టాల్లో ఉన్న సందుల ముందు ఏ గాజూ పనిచేయదు. రెండు గాజుల మధ్య 12 మిల్లీమీటర్ల ఖాళీ వేడికి చాలు, శబ్దానికి ఇంకా ఎక్కువ ఎడం ఉంటే మంచిది. రెండు గాజులూ ఒకే మందం కాకుండా చూడండి, ఒకే మందమైతే ఒకే శబ్దం దగ్గర రెండూ బలహీనపడతాయి. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజు ఇంకా మేలు, ఆ మెత్తటి పొర గాజు మోగకుండా పట్టి ఉంచుతుంది.

బాల్కనీలో వరసగా మొక్కలు పెడితే తగ్గుతుందా అని కూడా అడుగుతారు. ఆకుల సందుల్లోంచి శబ్దం హాయిగా వచ్చేస్తుంది. మొక్కలు పెట్టండి, కానీ వేరే కారణాలకు.

ఫంక్షన్ హాల్లో మైకులో చెప్పేది ఎందుకు అర్థం కాదు? సౌండ్ పెంచినా అంతే కదా?

పెంచితే అసలు మాటా పెరుగుతుంది, గోడల నుంచి తిరిగొచ్చేదీ పెరుగుతుంది, రెంటి మధ్య తేడా అలాగే ఉంటుంది. గ్రానైట్ నేల, గాజు గోడలు, నున్నటి పీఓపీ సీలింగ్, ఎత్తు చూస్తే రెండంతస్తులు, అలాంటి చోట ప్రతినాదం మూడు నాలుగు సెకన్లుంటే వింత లేదు. మనం సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాం. అంటే ఒక అక్షరం తోక ఇంకా గాల్లో ఉండగానే పన్నెండు అక్షరాలు వచ్చి పడతాయి. మన భాష అజంతం, చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. అచ్చులకు బలమెక్కువ, త, ప, క లాంటి హల్లులు సెకనులో చిన్న ముక్కంత సేపు, నీరసంగా పలుకుతాయి. ముందటి అచ్చు తోక కింద తర్వాతి హల్లు మునిగిపోతుంది. మిగిలేది ఆ... ఊ... మాత్రమే.

ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చూసి కంగారుపడకండి, ఒక్కో మనిషి దాదాపు అర చదరపు మీటరు తెరిచిన కిటికీతో సమానం, అయిదొందల మంది వస్తే హాలు మారిపోతుంది. అయినా చాలకపోతే పెద్ద స్పీకర్లు రెండు వేదిక పక్కన పెట్టే బదులు చిన్నవి ఎక్కువ, జనానికి దగ్గరగా, తక్కువ సౌండ్‌తో పెట్టించండి.

రాత్రిపూట దూరపు రైలు కూత అంత దగ్గరగా ఎందుకు వినిపిస్తుంది?

ఊరు సద్దుమణగడం ఒక కారణం. రెండోది, గాలి కూడా శబ్దాన్ని వంచుతుంది. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే శబ్ద వేగం సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది. పగలు నేల దగ్గర గాలి వేడి, పైన చల్లన, కాబట్టి శబ్దం పైకి వంగి ఆకాశంలోకి పోతుంది. నిర్మలమైన రాత్రి నేల ముందు చల్లబడుతుంది, దాని మీది గాలీ చల్లబడుతుంది, పైన వేడి మిగులుతుంది. శబ్దం కిందికి వంగి మన చెవి దగ్గరే వాలుతుంది. ఇదే వక్రీభవనం. చెరువు గట్టున తెల్లవారుజామున కూర్చుంటే అవతలి ఒడ్డున ఇద్దరు మాట్లాడుకునేది కూడా అందుతుంది.

స్కానింగ్‌కి జెల్ ఎందుకు రాస్తారు?

ఆ స్కానింగ్ చేసేది చెవికి అందని శబ్దంతోనే, గాలికీ ఒంటికీ మధ్య శబ్దం దాదాపు దాటలేదు కాబట్టి. గాలి చాలా తేలిక, నీరు దానికంటే ఎంతో బరువు, గట్టి. శబ్దాన్ని ఎదిరించే గుణంలో రెంటికీ మూడు వేల అయిదు వందల రెట్లకు పైగా తేడా. గాల్లోంచి నీళ్లమీద పడ్డ శబ్దశక్తిలో వెయ్యింటికి ఒక వంతే లోపలికి దిగుతుంది, మిగతాదంతా వెనక్కే. చెరువులో మునిగినప్పుడు ఒడ్డు మీద కేకలు మాయమయ్యేది అందుకే. అదే నీళ్లలో పుట్టిన శబ్దమైతే సెకనుకు 1480 మీటర్ల వేగంతో, గాల్లో కంటే నాలుగింతలకు పైగా వేగంగా, నీళ్లలోనే పోతుంది.

మన ఒళ్లు చాలావరకు నీరే. స్కానింగ్ యంత్రం మొనకీ చర్మానికీ మధ్య కాగితమంత గాలి పొరున్నా శబ్దం అక్కడే వెనక్కి తిరుగుతుంది. జెల్ ఆ గాలిని తరిమేస్తుంది. పొత్తికడుపు స్కానింగ్‌కి నీళ్లు బాగా తాగి రమ్మనడంలో కూడా ఇదే సూత్రం ఉంది. నిండిన మూత్రాశయం గాలి నిండిన పేగుల్ని పక్కకు నెట్టి, శబ్దం సాఫీగా దిగే నీటి కిటికీలా పనిచేస్తుంది.

గోల్కొండలో చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడటం నిజమేనా?

నిజమే, నేను రెండు చివర్లా నిలబడి విన్నాను. ప్రవేశ ద్వారం దగ్గరి గుమ్మటం కింద, గైడ్ చూపించే చోటే కొట్టాలి, నాలుగడుగులు పక్కకు జరిగితే చప్పట్లు మామూలు చప్పట్లే. రాయి, సున్నం దాదాపు ఏమీ ఇంకించుకోవు. గుండ్రటి లోపలి తలం చెదిరిపోవాల్సిన శబ్దాన్ని కూడగట్టి బయటికి నెడుతుంది. పైన మంటపం దాదాపు కిలోమీటరు దూరం, అంటే ఆ చప్పుడు చేరడానికి మూడు సెకన్లు. సెల్‌ఫోన్‌లో కింద ఉన్నవాళ్లతో మాట్లాడుతూ పైన నిలబడండి. ఫోన్‌లో చప్పట్లు ముందు వినపడతాయి, తర్వాత గాల్లోంచి, సన్నగా, పొడిగా, అదే చప్పుడు వస్తుంది.

కర్ణాటకలోని విజయపుర (బీజాపూర్) గోల్ గుంబజ్‌లో జరిగేది వేరు. 1656లో పూర్తయిన ఆ గుమ్మటం లోపలి వసారాలో గుసగుసలాడితే శబ్దం వంపు గోడను అంటిపెట్టుకుని చుట్టూ తిరిగి అవతలి వైపు చెవికి చేరుతుంది. లండన్ సెయింట్ పాల్స్ చర్చిలోని ఇలాంటి వసారా గురించి బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించాడు, తర్వాత సి.వి. రామన్ కూడా అక్కడ ప్రయోగాలు చేశాడు. రామన్ చిన్నతనం గడిచింది మన విశాఖపట్నంలోనే.

పిల్లలకు ఇంట్లో చూపించడానికి ఏదైనా ఉందా?

ఒక ఫోన్, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, తువ్వాలు చాలు. ముందు ఫోన్‌ను వైబ్రేషన్‌లో పెట్టి స్టీలు కంచం మీద ఉంచండి, గది మొత్తం గరగరమంటుంది. అదే ఫోన్ కింద తువ్వాలు నాలుగు మడతలు వేసి పెట్టండి, చెవి దగ్గర పెడితే గానీ వినపడదు. పైఇంటి రోలు ఇదే. తర్వాత అలారం మోగుతున్న ఫోన్‌ను తువ్వాల్లో చుట్టండి, చురుకుదనం పోయి మొద్దుగా వినిపిస్తుంది కానీ మోత ఆగదు. ఫోమ్ ఇదే. ఇప్పుడు తువ్వాలు తీసేసి డబ్బాలో పెట్టి మూత బిగించండి, బాగా తగ్గుతుంది. పిల్లవాడి చేతికి ఒక పెన్సిల్ ఇచ్చి, మూతను ఆ పెన్సిల్ దూరేంత ఎత్తి పట్టుకోమనండి. ఆ కాస్త సందులోంచే అలారం మోత ఒక్కసారిగా బయటికొస్తుంది.